రచ్చకట్ట మీద కంప్యూటర్

1978లో కెనడాకి చెందిన స్పీకీజీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ ఒక కంప్యూటర్ గేమ్‌ని అమ్మకానికి తెచ్చింది. పేరు వీలర్ డీలర్స్. ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఆడే వేలంపాట ఆట అది. ఆ రోజుల్లో గేములని ప్లాస్టిక్ సంచిలో పెట్టి 15 డాలర్లకి అమ్మేవాళ్ళు. ఇది మాత్రం అట్టపెట్టెలో వచ్చింది, ధర 35 డాలర్లు. కారణం ఏంటంటే, ఈ ఆటలో నలుగురూ ఒకేసారి పాట పాడాలి. ఒక్క కీబోర్డుతో అది కుదరదు. అందుకని ఈ ఆట కోసమే తయారుచేసిన కంట్రోలర్‌ని కూడా పెట్టెలో పెట్టి ఇచ్చారు. మొత్తం అమ్ముడుపోయినవి 50 కాపీలు. మన సెక్షన్ అటెండెన్స్ రిజిస్టర్‌లో అంతకంటే ఎక్కువ పేర్లుంటాయి.

ఆ గేమ్ రాసిన మనిషి ఆ తర్వాత ఇంకో 20 ఏళ్ళు బతికింది. ఆ 20 ఏళ్ళూ దాదాపు ఒకే పని మీద ఉంది. ఒక కంప్యూటర్ ముందు ఒకరికంటే ఎక్కువమందిని కూర్చోబెట్టాలి. అది కుదరకపోతే రెండు కంప్యూటర్లని తీగతో కలిపి, అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టాలి. ఇవాళ మనం హాస్టల్లో వైఫై మీద కలిసి ఆడుతుంటే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అమ్మేవాళ్ళకి, కొనేవాళ్ళకి కూడా కంప్యూటర్ గేమ్ అంటే ఒక మనిషి, ఒక మెషీను అంతే.

ఆమె పేరు డానీ బంటెన్. పుట్టినప్పుడు పెట్టిన పేరు డేనియల్ పాల్ బంటెన్. 1992 దాకా ప్రపంచానికి ఆ పేరుతోనే, మగవాడిగానే తెలుసు. తర్వాత డానియెల్ బంటెన్ బెర్రీ అయ్యింది. ఆ సంగతి దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను. ఈ వ్యాసంలో మాత్రం మొదటినుంచీ డానీ అనీ, ఆమె అనీ రాస్తున్నాను. చివరికి తను ఎంచుకున్నది అదే కాబట్టి.

డానీ 1949 ఫిబ్రవరి 19న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో పెద్దది. హైస్కూల్లో ఉండగా కుటుంబం ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌కి మారింది. ఇంట్లో డబ్బుకి కటకట ఉండేది, అందుకని చదువుకుంటూనే మందుల షాపులో పని చేసింది. ఇంట్లోవాళ్ళందరూ సరిగ్గా కలిసి ఉన్న సమయం ఏదైనా ఉందంటే అది ఆటలు ఆడుకునే సమయమేనని పెద్దయ్యాక గుర్తుచేసుకునేది. మనుషులని దగ్గరికి చేర్చడానికి ఆటని మించింది లేదన్న నమ్మకం ఆమెకి అక్కడే పుట్టింది.

మా గోనెగండ్ల వైపు వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పే పనిలేదు. రచ్చకట్ట మీద పులిజూదం గీతలు ఉంటే చాలు. ఆడేది ఇద్దరే, చుట్టూ చేరి సలహాలిచ్చేది ఎనిమిదిమంది. వానల సంగతి, పెళ్ళిళ్ళ సంగతి, అప్పుల సంగతి అన్నీ ఆ మేకల్ని జరిపేటప్పుడే వస్తాయి. ఆటలో ఎవరు గెలిచారో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. కానీ మరుసటి రోజు మళ్ళీ అందరూ అక్కడే ఉంటారు. డానీ ఈ రచ్చకట్టని కంప్యూటర్‌లోకి తేవాలనుకుంది.

ఆమె మనలాగే ఇంజినీరింగ్ స్టూడెంటు. ఆర్కన్సా యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివి 1974లో డిగ్రీ తీసుకుంది. చదువుకుంటూనే హైరోలర్ సైక్లరీ అని ఒక సైకిల్ షాపు నడిపింది. ఖాళీ దొరికితే కంప్యూటర్‌లో టెక్స్ట్ గేములు రాసేది. డిగ్రీ అయ్యాక నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి నగరాల మోడలింగ్ పని చేసింది. అంటే ఒక నగరం ఎలా పెరుగుతుంది, ఎలా నడుస్తుంది అన్నది లెక్కల్లో పెట్టే పని. సరుకు, ధర, కొరత, అవసరం ఇవన్నీ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో ఆలోచించే బుర్ర అది. వీలర్ డీలర్స్ ఆ బుర్రలోంచి వచ్చిందే.

50 కాపీలతో ఆగిపోయేవాళ్ళు ఉంటారు. డానీ ఆగలేదు. ఎస్ఎస్ఐ అనే కంపెనీకి వరసగా గేములు చేసింది. 1981లో కార్టెల్స్ అండ్ కట్‌థ్రోట్స్ అనే వ్యాపారం గేమ్, 1982లో సైట్రన్ మాస్టర్స్ వచ్చాయి. సైట్రన్ మాస్టర్స్‌లో ఇద్దరూ ఆగకుండా ఒకేసారి సైన్యాలని నడపాలి, నీ వంతు నా వంతు అని ఉండదు. ఈ రకం ఆటలకి తర్వాత రియల్ టైమ్ స్ట్రాటజీ అని పేరొచ్చింది, ఈ గేమ్‌ని వాటి తొలి నమూనాల్లో ఒకటిగా చెప్తారు.

1982లో ట్రిప్ హాకిన్స్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ పెట్టాడు. ఇప్పుడు మనం ఈఏ అని పిలిచే కంపెనీయే. కార్టెల్స్ అండ్ కట్‌థ్రోట్స్ హక్కులు కొనుక్కుందామని అడిగితే ఎస్ఎస్ఐ ఇవ్వలేదు. దాంతో నేరుగా డానీనే కలిసి కొత్తది చేసిపెట్టమన్నాడు. డానీ కాలిఫోర్నియాకి వెళ్ళిపోలేదు. లిటిల్ రాక్‌లోనే ఉండి ఓజార్క్ సాఫ్ట్‌స్కేప్ పేరుతో పని చేసింది. తమ్ముడు బిల్ బంటెన్, జిమ్ రషింగ్, ఆలన్ వాట్సన్, డానీ. మొత్తం నలుగురు. వాళ్ళు చేసింది నలుగురు ఆడే ఆట. 1983లో వచ్చిన ఆ గేమ్ పేరు మ్యూల్, అంటే కంచరగాడిద.

మ్యూల్‌లో కథ ఇరాటా అనే గ్రహం మీద జరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అటారీని వెనకనుంచి చదివితే ఇరాటా వస్తుంది. నలుగురు ఆటగాళ్ళు అక్కడ దిగుతారు. ఒక్కో రౌండులో ఒక్కో చెక్క భూమి తీసుకుంటారు. దాని మీద తిండి పండించాలా, కరెంటు తీయాలా, ఖనిజం తవ్వాలా అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. పని చేసేది గాడిదలాంటి ఒక మెషీను. తిండి తక్కువైతే తర్వాతి రౌండులో నీకు దొరికే టైమ్ తగ్గిపోతుంది. కరెంటు తక్కువైతే దిగుబడి పడిపోతుంది. ఖనిజం లేకపోతే కొత్త గాడిదలు తయారుకావు, ఉన్నవాటి ధర పెరిగిపోతుంది. అంటే ఒకడు అంతా దాచిపెట్టుకుంటే నలుగురూ దెబ్బతింటారు, దాచుకున్నవాడితో సహా.

ప్రతి రౌండు చివర వేలం ఉంటుంది. స్క్రీన్ మీద అమ్మేవాళ్ళు పైన నిలబడతారు, కొనేవాళ్ళు కింద. కొనేవాడు జాయ్‌స్టిక్‌ని పైకి నెడితే అతని ధర పెరుగుతుంది, అమ్మేవాడు కిందికి దిగితే ధర తగ్గుతుంది. ఇద్దరూ ఒకచోట కలిస్తే బేరం కుదిరినట్టు. పక్కనే గడియారం అయిపోతూ ఉంటుంది. పత్తి తీతలయ్యాక ఆదోని మార్కెట్ యార్డుకి వెళ్ళొచ్చిన వాళ్ళ మాటలు విన్నవాళ్ళకి ఈ భాగం చప్పున అర్థమవుతుంది. సరుకు ఎంత ఉంది అన్నది సగం విషయమే. ఇవాళ ఎవరికి ఎంత అవసరం పడింది అన్నది మిగతా సగం. పంటకి పురుగు పట్టడం కూడా ఈ గేమ్‌లో ఉంది!

ఇందులో రెండు నియమాలు నాకు బాగా నచ్చాయి. మధ్యమధ్యలో ఆటగాళ్ళకి అదృష్టాలు, దురదృష్టాలు వస్తుంటాయి. కానీ అందరికంటే ముందున్నవాడికి అదృష్టం రాదు, అందరికంటే వెనకున్నవాడికి దురదృష్టం రాదు. దీనివల్ల ఓడిపోతున్నవాడు విసుగెత్తి లేచిపోడు. రెండోది, ఆట చివర నలుగురి సంపాదనా కలిపి కాలనీ మొత్తం ఎలా ఉందో కూడా చెప్తుంది. నువ్వు ఫస్ట్ వచ్చినా ఊరు మునిగిపోయిందని అది మొహం మీదే చెప్పేస్తుంది.

ఇక మెషీన్ల సంగతి. మ్యూల్‌ని మొదట అటారీ 800 కోసం రాశారు. దానికి నాలుగు జాయ్‌స్టిక్ పోర్టులున్నాయి, నలుగురూ నాలుగు కర్రలు పట్టుకుని కూర్చోవచ్చు. తర్వాత అదే గేమ్‌ని కొమడోర్ 64కి మార్చారు. దానికి రెండే పోర్టులు. మిగతా ఇద్దరూ కీబోర్డు పంచుకోవాల్సి వచ్చింది. అటారీ కంపెనీ కూడా తర్వాత తెచ్చిన 800 ఎక్స్ఎల్ లాంటి మోడళ్ళలో పోర్టులని రెండుకి తగ్గించేసింది. కంపెనీ వాళ్ళకి అది ఖర్చు తగ్గించుకునే చిన్న మార్పు. డానీ ఆటకి మాత్రం రచ్చకట్ట మీద రెండు చోట్లు పోయినట్టు. ఒక గేమ్ ఏ మెషీన్ మీద ఎలా నడుస్తుంది అంటే మనం స్పీడు, గ్రాఫిక్స్ మాత్రమే చూస్తాం. ఆ మెషీన్ ముందు ఎంతమందికి చోటుంది అన్నది కూడా చూడాలని ఈ ఉదాహరణ చెప్తుంది.

మ్యూల్ సుమారు 30,000 కాపీలు అమ్ముడుపోయింది. కాపీ కొట్టి పంచుకున్నవి ఆ లెక్కలో లేవు. మెచ్చుకున్నవాళ్ళు చాలామంది, కానీ డబ్బు పెద్దగా రాలేదు. 1984లో డానీ ఒక్కరే ఆడే గేమ్ చేసింది. ది సెవెన్ సిటీస్ ఆఫ్ గోల్డ్. కొత్త ఖండాన్ని వెతుక్కుంటూ వెళ్ళే ఆట. అది లక్షకి పైగా అమ్ముడుపోయింది. ఆమె జీవితంలో అన్నిటికంటే బాగా అమ్ముడైన ఆట ఇదే. మార్కెట్ ఏం కోరుకుంటోందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? 1985లో అదే దారిలో హార్ట్ ఆఫ్ ఆఫ్రికా కూడా వచ్చింది.

అక్కడినుంచి ఆ దారినే పోయుంటే డానీ కథ సుఖంగా ఉండేది. కానీ 1986లో రోబో రాస్కల్స్ చేసింది. ఇది ఇంటిల్లిపాదీ కలిసి ఆడాల్సిన ఆట. పేకముక్కల్లాంటి కార్డులు కూడా పెట్టెలో ఉంటాయి. ఒక్కరే ఆడుకునే అవకాశం అసలు పెట్టలేదు. సుమారు 9,000 కాపీలు పోయాయి. అయినా తగ్గలేదు. 1988లో ఇంకా పెద్ద సాహసం చేసింది, మోడెమ్ వార్స్. రెండు ఇళ్ళలో ఉన్న ఇద్దరు, రెండు కంప్యూటర్ల మీద, ఫోన్ లైను గుండా ఆడే యుద్ధం ఆట.

ఇది ఎంత కష్టమో అర్థం కావాలంటే అప్పటి స్పీడు తెలియాలి. ఆ కాలంలో ఇళ్ళలో ఉన్న మోడెమ్‌లు 300, 1200, 2400 బిట్ల రకాలు. 300 బిట్ల మోడెమ్ సెకనుకి సుమారు 30 అక్షరాలు పంపుతుంది. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఎంబీ ఫొటో దాని మీద వెళ్ళడానికి తొమ్మిది గంటలు దాటుతుంది. ఆ సన్నటి దారిలో యుద్ధం నడపాలి. ఇలాంటి చోట బొమ్మని పంపలేం. ఆటగాడు ఏ ఆజ్ఞ ఇచ్చాడో అది మాత్రమే పంపాలి, రెండువైపులా ఉన్న కంప్యూటర్లు విడివిడిగా అదే లెక్క చేసి అదే ఫలితానికి రావాలి. ఒక్క లెక్క అటూఇటూ అయినా ఇద్దరి స్క్రీన్లలో రెండు వేరే యుద్ధాలు జరుగుతుంటాయి. పైగా అప్పటి మెషీన్లు ఒకదానికొకటి పోలికే లేదు. అటారీ 800 గడియారం 1.79 మెగాహెర్ట్జ్, కొమడోర్ 64ది సుమారు 1 మెగాహెర్ట్జ్, మొదటి ఐబీఎం పీసీది 4.77. ప్రాసెసర్లు వేరు, రంగులు వేరు, శబ్దాలు వేరు.

మోడెమ్ వార్స్‌లో ఇంకో ముచ్చట ఉంది. ఆట అయిపోయాక దాన్ని సినిమాలాగా మళ్ళీ వేసుకుని చూడొచ్చు. ఇప్పుడు చాలా గేముల్లో రీప్లే ఉంది. 1988లో అది కొత్త. ఆటగాళ్ళకి తర్వాత చెప్పుకోవడానికి ఒక కథ మిగలాలి కదా.

ఈ పాఠాలు పాతబడలేదు. మనలో గేమ్ ప్రాజెక్ట్ చేసేవాళ్ళు చాలామంది తమ ల్యాప్‌టాప్‌లో నడిస్తే చాలనుకుంటారు. మల్టీప్లేయర్ అయితే అదే ల్యాప్‌టాప్‌లో రెండు విండోలు తెరిచి చూస్తారు. రెండు విండోలకి గడియారం ఒకటే, ప్రాసెసర్ ఒకటే, మధ్యలో తీగే లేదు. అసలు సమస్యలు అక్కడ కనపడవు. ఇంట్లో మూడు నాలుగు రకాల మెషీన్లని కలిపితే కనపడతాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు. మూలన పడున్న పాత డెస్క్‌టాప్, చదువుకునే ల్యాప్‌టాప్, ఎవరిదో ఫోను, ఒక మామూలు రౌటర్, రెండు నెట్‌వర్క్ కేబుళ్ళు చాలు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, రౌటర్ వాటికి లోపలి అడ్రసులు ఇచ్చేస్తుంది. అప్పుడు తెలుస్తుంది. బొమ్మ కదలికని ఫ్రేముల లెక్కన కట్టేస్తే, సెకనుకి 30 ఫ్రేములు వేసే పాత మెషీన్లో హీరో నడుస్తాడు, 60 వేసే కొత్తదాంట్లో పరిగెడతాడు. గడిచిన టైముని బట్టి కదిపితే రెండింట్లోనూ ఒకేలా ఉంటాడు. కేబుల్ మీద సాఫీగా పోయే ఆట వైఫై మీద ఎక్కడ తడబడుతుందో కూడా అక్కడే పట్టుకోవచ్చు.

మా గోనెగండ్లలో అయితే ఒక టెస్ట్ ఉచితం. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే డెస్క్‌టాప్, రౌటర్ ఒకేసారి ఆరిపోతాయి. ల్యాప్‌టాప్, ఫోను మాత్రం బ్యాటరీ మీద బతికుంటాయి. ఆ క్షణంలో మిగిలినవాళ్ళ గేమ్ ఏం చేస్తుంది? అవతలివాడి కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతుందా, వాడు పోయాడని మర్యాదగా చెప్తుందా? పాతకాలం ఫోన్ లైన్ల మీద ఆడేవాళ్ళకి ఇది రోజూ ఉండే సమస్యే. ఇంట్లో ఎవరైనా ఇంకో రిసీవర్ ఎత్తితే చాలు, యుద్ధం ఆగిపోతుంది.

మోడెమ్ ఉన్న ఇళ్ళే తక్కువ కాబట్టి మోడెమ్ వార్స్ పెద్దగా అమ్ముడుపోలేదు. డానీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని వదిలి మైక్రోప్రోజ్ కంపెనీకి గేములు చేసింది. అక్కడ రెండు బోర్డు గేములలో ఏదో ఒకదాన్ని ఎంచుకునే సందర్భం వచ్చింది. సివిలైజేషన్, యాక్సిస్ అండ్ అలైస్. డానీ రెండోది తీసుకుంది, అది 1990లో కమాండ్ హెచ్‌క్యూ అయ్యింది. ఇద్దరు మోడెమ్ మీద ఆడే ప్రపంచ యుద్ధం. సివిలైజేషన్ పేరుతో సిడ్ మేయర్ 1991లో చేసిన గేమ్ సంగతి అందరికీ తెలిసిందే. అది ఒక్కరే కూర్చుని తెల్లవార్లూ ఆడుకునే ఆట. 1992లో డానీ గ్లోబల్ కాంక్వెస్ట్ తెచ్చింది. నెట్‌వర్క్ మీద నలుగురు ఆడొచ్చు. ఒక పెద్ద కంపెనీ నుంచి వచ్చిన మొదటి నలుగురి నెట్‌వర్క్ గేముల్లో దానికి చోటుంది.

అదే ఏడాది ఆమె బతుకులో పెద్ద మార్పు వచ్చింది. అప్పటికి మూడు పెళ్ళిళ్ళయ్యాయి, ముగ్గురు పిల్లలు. 43 ఏళ్ళ వయసులో ఆపరేషన్ చేయించుకుని స్త్రీగా మారింది. ఇవాళ కూడా మన చుట్టూ ట్రాన్స్‌జెండర్ మనుషులకి ఇల్లు, ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో చూస్తున్నాం. 30 ఏళ్ళ కిందట, మగవాళ్ళే నిండిపోయిన ఒక పరిశ్రమలో, అందరికీ తెలిసిన మనిషి ఆ నిర్ణయం తీసుకుంది. దానికి చెల్లించిన మూల్యాన్నీ, తన సందేహాలనీ కూడా దాచకుండా రాసింది. ఆ తర్వాత ఆమె బయట కనపడడం తగ్గింది, గేములూ తగ్గాయి.

మ్యూల్‌ని సెగా జెనెసిస్ కన్సోల్ మీదికి తెచ్చే పని ఆ రోజుల్లోనే వచ్చింది. ఆమెకి అది మళ్ళీ నిలబడే అవకాశం. కానీ కంపెనీ అందులో తుపాకులు, బాంబులు పెట్టమంది. డానీ ఒప్పుకోలేదు. ప్రాజెక్ట్ ఆగిపోయింది. యుద్ధం గేములు ఆమే చేసింది కాబట్టి యుద్ధమంటే పడక కాదు. మ్యూల్‌లో నలుగురూ పోటీ పడుతూనే ఒకరినొకరు బతికించుకోవాలి. పక్కవాణ్ణి కాల్చేసే వీలుంటే వాడితో బేరమాడే పని ఎవరికుంటుంది? తుపాకి పెడితే ఆ ఆటలో అసలు సంగతే పోతుంది.

1997లో ఇంటర్నెట్ ఇళ్ళలోకి వస్తుండగా మోడెమ్ వార్స్‌ని వార్‌స్పోర్ట్ పేరుతో మళ్ళీ తయారుచేసింది. ఎంప్లేయర్ అనే ఆన్‌లైన్ గేమ్ సర్వీసులో అది వచ్చింది. కాలం ఆమెని అందుకుంటోంది అనుకునేలోపే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చిన ఫలితమే అంటారు. 1998 మేలో కంప్యూటర్ గేమ్ డెవలపర్స్ అసోసియేషన్ ఆమెకి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది జులై 3న 49 ఏళ్ళకే చనిపోయింది. అప్పుడు ఆమె చేతిలో ఉన్న పని మ్యూల్ ఇంటర్నెట్ వెర్షన్.

2000లో విల్ రైట్ తన ది సిమ్స్ గేమ్‌ని ఆమెకి అంకితం ఇచ్చాడు. 2007లో అకాడమీ ఆఫ్ ఇంటరాక్టివ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేరింది. ఇప్పుడు ప్రపంచంలో పెద్దపెద్ద గేముల్లో చాలా నలుగురో వందమందో కలిసి ఆడేవే. ఆమె అనుకున్నదే జరిగింది అని ముగించేయొచ్చు. కానీ సగమే జరిగిందని నాకనిపిస్తుంది. హాస్టల్లో ఒకే మంచం మీద నలుగురు కూర్చుని, నాలుగు ఫోన్లలో తలలు దించుకుని, ఒకే టీమ్‌లో ఆడుతుంటారు. మెషీన్లు కలిశాయి. డానీ కోరుకున్నది అవి కలవడం కాదు, వాటి వంకతో మనుషులు కలవడం.

కాబట్టి మినీ ప్రాజెక్టుగా గేమ్ చేసేవాళ్ళకి ఒక మాట. స్లో మెషీన్లో చూడండి, ఫోన్లో చూడండి, కేబుల్ పీకేసి చూడండి. ఆ తర్వాత ఎన్నడూ గేములు ఆడని ఒక అక్కనో, మామనో, మెస్సులో పక్కన కూర్చునే జూనియర్‌నో పిలిచి నలుగురిని కూర్చోబెట్టండి. మీరు స్క్రీన్ వైపు చూడకండి, వాళ్ళ మొహాలు చూడండి. చివరి స్థానంలో ఉన్నవాళ్ళు ఇంకో ఆట వేద్దామంటే మీ గేమ్ పాసైనట్టే.